సముద్రం నీళ్ళు బాగున్నాయో లేదో ప్లాంక్టన్‌ని చూసి చెప్పొచ్చా? (భీమిలి తీరం)

భీమిలి జువాలజీ:

అందరికీ నమస్కారం. భీమిలి దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. మార్చి రెండో వారంలో మా తీరంలో నీళ్ళ మీద గోధుమరంగు తెట్టు కట్టింది. దోసిట్లోకి తీసుకుంటే అచ్చం రంపపు పొట్టులా ఉంది. మూడో రోజుకి ఒడ్డున చేరినదంతా గులాబీ రంగుకి తిరిగి పచ్చి చేపల కంపు కొట్టింది. ఏదో ఫ్యాక్టరీ రాత్రిపూట వ్యర్థాలు వదిలిందని ఊరంతా అనుకున్నారు. ఆ రెండు రోజులూ చేపలు కొనేవాళ్ళు లేక, బుట్టలు ఎత్తుకొచ్చిన ఆడవాళ్ళు అలాగే తిరిగి వెళ్ళిపోయారు. అది చూశాక నాకు మనసు ఊరుకోలేదు.

మా ఫైనలియర్ పిల్లలు ఆరుగురు నమూనాలు తీద్దాం అన్నారు. స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ళు వాడే నైలాన్ గుడ్డ కొని, స్టీలు రింగుకి గరాటులా కుట్టించి, చివర ప్లాస్టిక్ సీసా కట్టి వల తయారు చేశాం. మూడు చోట్ల లాగాం. తెట్టు ఉన్న చోట ఒకటి, ఊరి మురుగు కాలవ సముద్రంలో కలిసే చోట ఒకటి, ఒడ్డు నుంచి కిలోమీటరు దూరంలో, సముద్రం లోపల ఒకటి. లోపలికి ఒక మరపడవ ఆయన తీసుకెళ్ళారు, డీజిల్ డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

మైక్రోస్కోపు కింద తెట్టులో సన్నటి పోగులు కనిపించాయి, గడ్డిమోపు కట్టినట్టు కట్టలు కట్టలుగా. కాలవ దగ్గరి నమూనాలో సగానికి పైగా ఒకటే రకం. చిన్న చిన్న గొట్టాల్ని సన్నటి పుల్లలతో అతికించి గొలుసు చేసినట్టు ఉంది. లోపలి నీళ్ళలో ఏ ఒక్కటీ ఎక్కువగా లేదు కానీ రకాలు చాలా ఉన్నాయి. గుండ్రటి బిళ్ళలు, పొడుగాటి ముళ్ళున్న గొలుసులు, గెంతుకుంటూ పోయే, రొయ్యకి దూరపు చుట్టాలైన బుల్లి కోపిపాడ్‌లు.

ప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలుతూ బతికే సూక్ష్మజీవులు, నీటి నాణ్యతకి సూచిక అని సిలబస్‌లో ఒక పేరా ఉంది. ఏటా చెబుతాను. ఇప్పుడు నిజంగా దాన్ని వాడాల్సి వచ్చేసరికి టెన్షన్‌గా ఉంది. ఈ తెట్టు కాలుష్యమేనా? కాలవ దగ్గరి నమూనా చూపించి "ఇక్కడ నీళ్ళు పాడయ్యాయి" అని అధికారులకి రాయొచ్చా? మా దగ్గర ఉన్నవి ఒక మామూలు మైక్రోస్కోపు, ఒక కౌంటింగ్ స్లైడు, అంతే. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

వాల్తేరు మైక్రోస్కోప్:

టీచర్ గారూ, నమస్కారం. నేను ఒక సముద్ర పరిశోధన ల్యాబ్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు ప్లాంక్టన్ లెక్కపెట్టి రిటైరయ్యాను. మీ పోస్టు పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చదివాను. పిల్లలు మూడో నమూనా కోసం లోపలికి వెళ్ళారు చూడండి, అది చాలా మంచి పని చేశారు. అది లేకపోతే మొదటి రెండిటికీ అర్థం లేదు.

ముందు తెట్టు సంగతి. గడ్డిమోపులాంటి కట్టలు, రంపపు పొట్టు, గులాబీ రంగు, చేపల కంపు, ఇవన్నీ కలిస్తే అది ట్రైకోడెస్మియం. సైనోబాక్టీరియా కుటుంబం, అంటే మొక్కల్లా ఎండతో బతికే బాక్టీరియా. వేసవి మొదట్లో గాలి పడిపోయి, ఎండ బాగా కాసి, సముద్రం నూనె పోసినట్టు కదలకుండా ఉన్న రోజుల్లో మన తీరంలోనూ వస్తుంది, అరేబియా సముద్రం వైపూ వస్తుంది. 1770లో కెప్టెన్ కుక్ ఓడ ఆస్ట్రేలియా వైపు తిరుగుతున్నప్పుడు నావికులు దీన్ని చూసి సముద్రపు రంపపు పొట్టు అనే పిలిచారు. అప్పటికి అక్కడ ఫ్యాక్టరీ అన్నదే లేదు. ఇది గాలిలోంచి వచ్చిన నైట్రోజన్‌ని తనే పట్టుకుని తన ఎరువు తను తయారు చేసుకుంటుంది. అందుకే నైట్రేట్ దాదాపు లేని నీళ్ళలో, మిగతావన్నీ ఆకలితో ఉన్నప్పుడు ఇది పెరుగుతుంది. మురుగుతో దానికి పని లేదు.

అలాగని దాన్ని వదిలేయమని కాదు. కణాల్లో గాలి తిత్తులుంటాయి కాబట్టి పైకి తేలుతుంది, గాలి ఒడ్డుకి తోస్తే అక్కడ పోగుపడి కుళ్ళుతుంది. కుళ్ళేటప్పుడు ఆ కాస్త మేర నీళ్ళలో ఆక్సిజన్ లాగేసుకుంటుంది, అమ్మోనియా వదులుతుంది. మీకు కంపు కొట్టింది అందుకే. ఫ్యాక్టరీ మీద నింద వేయడానికి మాత్రం ఈ తెట్టు సాక్ష్యం కాదు.

ఇక కాలవ దగ్గరి గొలుసు. మీరు చెప్పిన రూపాన్ని బట్టి స్కెలిటోనెమా అనుకుంటున్నాను. ఫొటో చూడకుండా గట్టిగా అనను, ఫార్టీ ఎక్స్ కింద ఫోన్ ఆనించి ఒకటి తీసి పెట్టండి. ఇది డయాటమ్, గాజు పెంకు ఉండే జీవి. నీళ్ళలోకి అమ్మోనియా, ఫాస్ఫేట్ వచ్చి పడితే అందరికంటే ముందు లేచేది ఇదే. ఉప్పు తగ్గినా తట్టుకుంటుంది. విశాఖ ఇన్నర్ హార్బర్ గుర్తు తెచ్చుకోండి. చుట్టూ మూసుకుపోయిన నీళ్ళు, అందులోకి మెహాద్రిగెడ్డ వాగు, నగరం మురుగు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ సీసా స్లైడు మీద పెడితే ఎటు జరిపినా ఈ గొలుసులే. అదే రోజు బయటి సముద్రం ఒడ్డున ఉన్న లాసన్స్ బే నుంచి తెచ్చిన సీసాలో పేరు రాయడానికి ఒక పేజీ చాలేది కాదు. ఆ రెండు సీసాలు పక్కపక్కన చూసిన రోజే నాకు ఈ పని మీద ఇష్టం పుట్టింది.

కానీ ఇక్కడే నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చేరిన మూడో ఏడు, అది కూడా మార్చి నెలే, ఒక కాలవ దగ్గర ఒక్క నమూనా చూసి, డయాటమ్‌లు విపరీతంగా ఉన్నాయని రిజిస్టరులో "కాలుష్యం" అని రాసేశాను. మర్నాడు మా సారు, ఏ కాలవా లేని చోట, పది కిలోమీటర్ల అవతల అదే రోజు తీసిన సీసా తెచ్చి నా ముందు పెట్టారు. అందులోనూ అంతే ఉన్నాయి. ఆయన ఏమీ అనలేదు. రబ్బరు తీసి ఇచ్చారు.

కారణం మన సముద్రంలోనే ఉంది. ఫిబ్రవరి నుంచి మే దాకా నైరుతి గాలి మన తీరం వెంట వీస్తుంది. అది పైనీళ్ళని లోపలికి తోసేస్తే, ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లటి నీళ్ళు పైకి వస్తాయి, తమతో పాటు నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికా తెస్తాయి. దీన్ని విశాఖ తీరంలో 1950లలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త, ఆయన శిష్యులు కొలిచారు. ఆ ఎరువుతో డయాటమ్‌లు సహజంగానే విరగబడి పెరుగుతాయి. ఆస్టీరియోనెల్లా అనే డయాటమ్ వాల్తేరు తీరంలో నీళ్ళ రంగే మార్చేసిన సంగతి 1960లలోనే రాసిపెట్టారు. వాన వెళ్ళాక గోదావరి నీళ్ళు వచ్చినప్పుడు మళ్ళీ వేరే కథ. అందుకని "చాలా ఉన్నాయి" అన్నది కాలుష్యానికి గుర్తు కాదు. మీ కాలవ దగ్గర ఏముందో దానితో పాటు, అదే రోజు కాలవ ప్రభావం లేని చోట ఏముందో చూడాలి. మీ లోపలి నమూనా అందుకే విలువైనది. దానితో పాటు ఒడ్డు వెంటే కాలవకి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఇంకొకటి తీయండి. లోపలి నీళ్ళు, ఒడ్డు నీళ్ళు మామూలుగానే వేరుగా ఉంటాయి కదా.

పోటు, ఆటు కూడా రాసుకోండి. పోటు మీద తీస్తే మీ సీసాలోకి సముద్రం వస్తుంది, ఆటు మీద తీస్తే కాలవ వస్తుంది. అన్నీ ఒకే దశలో తీయకపోతే పోల్చడానికి లేదు.

మీ వల గురించి ఒక మాట. స్క్రీన్ ప్రింటింగ్ గుడ్డ మంచిదే, మేమూ వాడాం. కానీ కన్ను ఎంత సన్నగా ఉన్నా అంతకంటే చిన్న కణాలు జారిపోతాయి. మామూలుగా ఫైటోప్లాంక్టన్ (మొక్కల్లా ఎండతో బతికే ప్లాంక్టన్) వల కన్ను 20 మైక్రాన్లు. స్కెలిటోనెమా ఒంటి కణాలు అంతకంటే సన్నగా ఉంటాయి, గొలుసుగా ఉంటేనే చిక్కుతాయి. కాబట్టి వల "ఎవరున్నారు" అని చూడడానికే. "ఎంతమంది" అని లెక్క కావాలంటే లీటరు నీళ్ళు అలాగే సీసాలో పట్టండి. కణాలు చెడిపోకుండా లూగాల్ అయోడిన్ ద్రావణం చుక్కలు వేయండి, నీళ్ళు పల్చటి టీ రంగుకి వచ్చేదాకా. ఒకటి రెండు రోజులు చీకట్లో కదపకుండా ఉంచితే కణాలన్నీ అడుగుకి దిగుతాయి. పైనీళ్ళు సన్నటి గొట్టంతో మెల్లగా లాగేసి 20 మిల్లీలీటర్లు మిగల్చండి. మీ దగ్గరున్నది సెడ్జ్‌విక్ రాఫ్టర్ స్లైడే అయితే అందులో ఒక మిల్లీలీటరు పడుతుంది, వెయ్యి గళ్ళుంటాయి. వంద గళ్ళలో 300 కణాలు వచ్చాయనుకోండి, మిల్లీలీటరుకి 3000, ఇరవైకి 60,000. అదే మీ లీటరు నీళ్ళలో ఉన్న లెక్క. ఇద్దరు పిల్లలు విడివిడిగా లెక్కపెట్టి చూసుకోవాలి. లెక్కలు కలవకపోతే మూడోసారి. మా ల్యాబ్‌లో అదే పద్ధతి.

లెక్క వచ్చాక వైవిధ్యం చూడండి. షానన్ సూచిక అంటారు, కాలిక్యులేటర్ ఉంటే చాలు. నేను పిల్లలకి ఇలా చెప్పేదాన్ని. పది రకాలు తలా పది శాతం ఉంటే, లాగరిథమ్‌కి ఆధారం 2 తీసుకుంటే, సూచిక 3.32 వస్తుంది. అవే పది రకాలు, కానీ ఒకటి తొంభై శాతం ఆక్రమించి మిగతా తొమ్మిదీ పది శాతంలో సర్దుకుంటే 0.79కి పడిపోతుంది. రకాలు అవే, ఇల్లు మాత్రం ఒక్కరిదైపోయింది. 3 దాటితే శుభ్రం, 1 లోపైతే బాగా కలుషితం అని చాలామంది ఒక కొలత చెబుతారు. అది 1968లో అమెరికాలో మంచినీటి ఏరుల అడుగున బతికే పురుగుల కోసం వేసినది. మన సముద్రంలో మార్చి నెల డయాటమ్‌లకి దాన్ని గుడ్డిగా వేయొద్దు. మీ కాలవ అంకెని మీ ఒడ్డు అంకెతోనే పోల్చండి.

ఇంకొక్కటి, నాకు చాలా ఇష్టమైన సంగతి. డయాటమ్‌కి పెంకు కోసం సిలికా కావాలి, నైట్రోజన్ ఎంతో సుమారు అంత. మురుగులో నైట్రోజన్, ఫాస్ఫరస్ దండిగా ఉంటాయి గానీ సిలికా అంతగా ఉండదు, అది రాళ్ళూ మట్టీ కడుక్కుని నదులు తెచ్చేది. ఏళ్ళ తరబడి మురుగు పడే చోట సిలికా ముందు అయిపోతుంది, డయాటమ్‌లు ఆగిపోతాయి, గాజు పెంకు అక్కర్లేని వేరే ఒంటికణపు జీవులు, డైనోఫ్లాజెల్లేట్‌లు వాటి స్థానంలోకి వస్తాయి. వాటిలో కొన్ని విషం చేసేవి. వాటిని తిన్న చిప్పల్ని మనిషి తింటే ప్రాణం మీదికి వస్తుంది. 1997లో కేరళ విళింజంలో మస్సెల్ చిప్పలు తిని మనుషులు చనిపోయారు. అందుకే ఒక నమూనాలో ఎన్ని ఉన్నాయన్న దానికంటే, ఏడాదిలో ఎవరు తగ్గి ఎవరు పెరుగుతున్నారన్నది నేను ఎక్కువ పట్టించుకుంటాను.

మంగమారిపేట కుర్రాడు:

అమ్మా, నేను వేటకి వెళ్ళే కుటుంబం వాణ్ణి, డిప్లొమా చదువుతున్నా. మాకు కొన్ని రాత్రులు వల లాగుతుంటే నీళ్ళు నీలంగా మెరుస్తాయి, చేతులకి కూడా అంటుకుంటుంది. మా తాత ఆ రాత్రి వల వేయొద్దంటాడు, వల చేపకి కనబడిపోతుందని. అలా మెరిసిన తరవాత ఒక్కోసారి రెండు మూడు రోజులు కవళ్ళు, కానాగంతలు దొరకవు. నీళ్ళు పాడైనట్టేనా?

వాల్తేరు మైక్రోస్కోప్:

బాబూ, మీ తాతగారు చెప్పింది నిజమే. వల కదిలితే ఆ జీవులు మెరుస్తాయి, వల రూపం అంతా వెలిగిపోతుంది. అవి చాలావరకు నాక్టిలూకా. ఒకటే కణం, అయినా ఆవగింజలో సగమంత పెరుగుతుంది, గ్లాసులో నీళ్ళు పట్టి వెలుతురుకి ఎత్తితే కంటికే కనిపిస్తుంది. 2019 ఆగస్టులో చెన్నై బీచిలో జనం గుంపులుగా వెళ్ళి చూసింది దీన్నే. ఇది ఎండతో బతికేది కాదు, డయాటమ్‌లని తిని బతుకుతుంది. కాబట్టి డయాటమ్‌లు బాగా పెరిగాక వెనకాల వస్తుంది. ఆ డయాటమ్‌లు ఎందుకు పెరిగాయన్నదే అసలు ప్రశ్న, అడుగునీళ్ళ వల్లా, మురుగు వల్లా? మెరుపు ఒక్కటే చూసి చెప్పలేం. దాని ఒంట్లో అమ్మోనియా ఉంటుంది, గుంపుగా చచ్చిపోతే అది నీళ్ళలోకి వస్తుంది, చేపలు దూరంగా పోవడం సహజం.

నువ్వు ఒక పని చేయగలవు. మెరిసిన రాత్రి తేదీ, ఎక్కడ, ఎన్ని బారల లోతు, గాలి ఎటు, ఆ వారం ఏ చేప దొరికింది, ఇవి ఒక నోట్‌బుక్కులో రాయి. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం వాళ్ళు ఉపగ్రహం నుంచి సముద్రం రంగు చూసి, ఇలాంటి జీవులు విరగబడి పెరిగే ఆల్గే బ్లూమ్‌ల సమాచారం ఇస్తారు. కానీ ఒడ్డుకి దగ్గరగా బురద కలిసిన నీళ్ళలో ఉపగ్రహం కన్ను తడబడుతుంది. అక్కడ నీ నోట్‌బుక్కే ఎక్కువ చెబుతుంది.

ఉప్పుటేరు రైతు:

మేడమ్ గారూ, మొగల్తూరు వైపు రొయ్యల సాగు చేస్తాను, ఇరవై ఏళ్ళవుతోంది, ఇప్పుడు వేసేది వనామీ రకం. మాకు ప్లాంక్టన్ అంటే నీటి రంగే. బంగారు గోధుమ రంగు ఉంటే డయాటమ్ పడిందని ధైర్యం, నీలం ఆకుపచ్చ తిరిగితే గుండె జారిపోతుంది. సెక్కీ డిస్క్ (నలుపు తెలుపు బిళ్ళ) నీళ్ళలోకి దింపి 30, 40 సెంటీమీటర్ల దగ్గర కనపడకుండా పోతే బాగున్నట్టు. ఇంకా పైనే మాయమైతే మేత తగ్గిస్తాం. ఒక ఏడు మబ్బు పట్టి రెండు రోజులు ఎండ లేక చెరువులో ప్లాంక్టన్ మొత్తం ఒక్కసారి చచ్చి పడిపోయింది. తెల్లారుజామున మూడున్నరకి నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరు చూస్తే ఒకటి దగ్గర ఉంది. నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లన్నీ ఆడించినా సగం రొయ్య పోయింది.

టీచర్ గారికి ఒకటి చెప్పాలని రాస్తున్నా. మా చెరువుల నీళ్ళు పంట అయిపోయాక డ్రైన్లలోకి వదులుతాం, అవి ఏరు దాటి సముద్రానికే పోతాయి. మీరు మీ తీరంలో చూసినట్టు మా డ్రైను మొగ దగ్గర కూడా ఎవరైనా చూస్తే బాగుండును. నేను నమూనాలు పట్టి ఇస్తాను, లెక్కపెట్టేవాళ్ళు కావాలి.

భీమిలి జువాలజీ:

మేడమ్, ఏమని చెప్పను, ఇన్నేళ్ళు చదివిన పాఠం కంటే మీరు రాసినది ఎక్కువ. ఫొటోలు పెట్టాను. చేపలమ్మే ఆడవాళ్ళకి తెట్టు గురించి తెలుగులో ఒక కాగితం రాసి అంటిద్దామని పిల్లలు అంటున్నారు. "ఫ్యాక్టరీ విషం కాదు" అని రాయొచ్చా? ఇంకా, ఆదివారం ఆ కాలవ పక్కనే పిల్లలు స్నానాలు చేస్తారు. లోపలి నమూనా బాగుంది కాబట్టి స్నానానికి పరవాలేదని చెప్పొచ్చా?

రైతు గారూ, సెలవుల్లో మీ సీసాలు తప్పకుండా చూస్తాం.

వాల్తేరు మైక్రోస్కోప్:

ఫొటో చూశాను. స్కెలిటోనెమానే. రెండో ఫొటోలో మూలన ఉన్నది కీటోసెరస్, ఆ పొడుగాటి ముళ్ళు దానివే.

కాగితం మీద "ఈ తెట్టు ట్రైకోడెస్మియం అనే సముద్రపు జీవి, వేసవిలో సహజంగా వస్తుంది" అని రాయండి. అది మీరు చూసింది, మీరు చెప్పగలిగింది. చేపలు తినొచ్చా లేదా అన్నది మత్స్యశాఖ వాళ్ళతో అడిగించి వాళ్ళ మాటగా రాయండి. ఫ్యాక్టరీలు ఏమీ వదలడం లేదని కూడా అనొద్దు, మనం దాన్ని పరీక్షించలేదు.

స్నానం గురించి మాత్రం చాలా జాగ్రత్త. ప్లాంక్టన్ నీళ్ళలో ఎరువు సంగతి చెబుతుంది, రోగక్రిముల సంగతి చెప్పదు. అందమైన డయాటమ్‌లు వంద రకాలున్న నీళ్ళలో కూడా మలం కలిసి ఉండొచ్చు. స్నానానికి పనికొచ్చే సముద్రపు నీళ్ళకి మన దేశంలో ఎస్‌డబ్ల్యూ 2 అనే తరగతి ఉంది. అందులో 100 మిల్లీలీటర్లకి ఫీకల్ కోలిఫామ్ (మలంలో ఉండే బాక్టీరియా) 100 దాటకూడదు, బీఓడీ (నీళ్ళలోని కుళ్ళుని తినే క్రిములు లాగేసే ఆక్సిజన్) లీటరుకి 3 మిల్లీగ్రాములు దాటకూడదు, కరిగిన ఆక్సిజన్ 4 మిల్లీగ్రాములకి తగ్గకూడదు. కోలిఫామ్ పరీక్షకి స్టెరిలైజ్ చేసిన సీసా, ఐసు పెట్టె, అదే రోజు ల్యాబ్, ఇవన్నీ కావాలి. మీ మైక్రోస్కోపుతో అయ్యేది కాదు. ఆ పరీక్ష జరిగేదాకా కాలవ పక్కన పిల్లల్ని దిగనివ్వకండి. ఇందులో సందేహం పెట్టుకోవద్దు.

అధికారులకి ఉత్తరం ఇప్పుడే వద్దు. పదిహేను రోజులకొకసారి, అదే నాలుగు చోట్ల, ఆటు మీద, జూన్ దాకా తీయండి. ప్రతిసారీ ఉష్ణోగ్రత, ఉప్పు కూడా కొలవండి. నీళ్ళు చల్లబడి, ఉప్పు పెరిగి, నాలుగు చోట్లా డయాటమ్‌లు కలిసి లేస్తే అది అడుగునీళ్ళు. ఒక్క కాలవ దగ్గరే ఉప్పు తగ్గి స్కెలిటోనెమా లేస్తే, ప్రతిసారీ అలాగే లేస్తే, అప్పుడు ఉత్తరం రాయండి. అంకెలు పెట్టి రాయండి.

భీమిలి జువాలజీ:

మే చివర రాస్తున్నాను. ఐదు సార్లు తీశాం. ఏప్రిల్ మొదట్లో ఒకసారి నాలుగు చోట్లా డయాటమ్‌లు ఒక్కసారే పెరిగాయి, ఆ రోజు నీళ్ళు చల్లగా ఉన్నాయి, కాలు పెట్టగానే పిల్లలే గుర్తుపట్టారు. మిగతా నాలుగు సార్లూ కాలవ దగ్గర ఒక్కచోటే స్కెలిటోనెమా సగం దాటింది, అక్కడ ఉప్పు తక్కువ. రెండు కిలోమీటర్ల అవతలి ఒడ్డున ఒక్కసారి కూడా అలా లేదు. కోలిఫామ్ కోసం డబ్బు పోగుచేసి ప్రైవేటు ల్యాబ్‌లో పరీక్ష చేయించాం. కాలవ దగ్గర పరిమితి దాటింది. ఉత్తరం తయారవుతోంది, పంపే ముందు మీరొకసారి చూస్తారా?

వాల్తేరు మైక్రోస్కోప్:

చూస్తాను. పట్టికలో ఆటు సమయం ఏ రోజు ఎంతో విడిగా ఒక గడి పెట్టండి, ముందు అడిగేది అదే. వచ్చే నమూనా ఏ రోజో చెప్పండి, పొద్దున్న బస్సుకి వస్తాను. నా దగ్గర పాత కౌంటింగ్ స్లైడు ఒకటి ఉంది, పిల్లలకి ఇచ్చేస్తాను.